సగం నేనిస్తాను, సగం మీరివ్వండి

1990 అక్టోబరు 7, ఆదివారం. సిడ్నీ నగరానికి నైరుతి దిక్కున, లివర్‌పూల్ పక్కనే ఉన్న వార్విక్ ఫార్మ్ రేస్‌కోర్సు. ఆ రోజు అక్కడ పోలో ఆడుతున్నారు. ఆటగాళ్లలో ఒకతను భారీ మనిషి. వయసు యాభై రెండు. ఆస్ట్రేలియాలో అతన్ని ఎరగనివాళ్లు లేరు. పేరు కెర్రీ ప్యాకర్.

ఆటలో ఉన్నవాడు ఉన్నట్టుండి కుప్పకూలాడు. గుండె ఆగిపోయింది.

గుండె ఇలా ఆగినప్పుడు చాలాసార్లు అది పూర్తిగా నిశ్చలమైపోదు. కింది గదుల కండరం లయ తప్పి ఎక్కడికక్కడ వణుకుతూ ఉంటుంది. ఆ వణుకుకు రక్తాన్ని ముందుకు తోసే బలం ఉండదు. డాక్టర్లు దాన్ని వెంట్రిక్యులర్ ఫిబ్రిలేషన్ అంటారు. వైద్యం అందకపోతే, గడిచే ప్రతి నిమిషానికీ బతికే అవకాశం సుమారు పదోవంతు చొప్పున తరిగిపోతుంది. నాలుగైదు నిమిషాలు దాటితే మెదడు దెబ్బతినడం మొదలవుతుంది. ఎవరైనా ఛాతీ మీద రెండు చేతులూ వేసి బలంగా, ఆపకుండా నొక్కుతూ ఉంటే కొంత గడువు దొరుకుతుంది. లయ తిరిగి రావాలంటే మాత్రం కరెంటు షాక్ తప్పదు. దాన్ని ఇచ్చే యంత్రం డీఫిబ్రిలేటర్.

అంబులెన్స్ వచ్చింది. అందులో డీఫిబ్రిలేటర్ ఉంది. షాక్ ఇచ్చారు. దాదాపు ఆరు నిమిషాల పాటు ఆగిన గుండె మళ్లీ కొట్టుకోవడం మొదలుపెట్టింది.

ఆనాటికి న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రంలో చాలా అంబులెన్సుల్లో ఈ యంత్రం లేదు. వార్విక్ ఫార్మ్‌కు వచ్చిన బండిలో అది ఉండటం కేవలం అదృష్టం. వేరే బండి వచ్చి ఉంటే ఈ కథ ఆ మైదానంలోనే ముగిసేది.

జూదగాడికి తగిలిన పందెం

ప్యాకర్ ఎవరో తెలుగు పాఠకులకు క్రికెట్ ద్వారా తెలుసు. 1977లో టెస్ట్ మ్యాచ్‌ల ప్రసార హక్కులు తన చానల్ నైన్‌కు దక్కలేదని, ప్రపంచంలోని మేటి ఆటగాళ్లను జీతాలకు కుదుర్చుకుని సొంతంగా వరల్డ్ సిరీస్ క్రికెట్ నడిపినవాడు. రంగు దుస్తులు, తెల్ల బంతి, ఫ్లడ్‌లైట్ల వెలుగులో మ్యాచ్‌లు జనంలోకి వెళ్లింది ఆ పోటీలతోనే. ఈ రోజు ఉప్పల్ స్టేడియంలో రాత్రిపూట ఐపీఎల్ చూసే కుర్రాడికి తెలియకపోవచ్చు గానీ, ఆ వెలుగుల్లో ప్యాకర్ వాటా ఉంది.

తండ్రి ఫ్రాంక్ ప్యాకర్ నుంచి పత్రికలు, టీవీ వారసత్వంగా వచ్చాయి. 1987లో చానల్ నైన్‌ను అలన్ బాండ్ అనే వ్యాపారికి సుమారు వంద కోట్ల డాలర్లకు అమ్మి, 1990లో అందులో పావు వంతు ధరకే తిరిగి సంపాదించాడు. లండన్, లాస్ వేగాస్ కాసినోల్లో అతని పందేలు కథలు కథలుగా చెప్పుకునేవారు. చిన్నప్పుడు పోలియో వచ్చి ఐరన్ లంగ్ అనే శ్వాసయంత్రంలో పడుకున్న పిల్లవాడు పెద్దయ్యాక ఏ పందేనికైనా వెనకాడని మనిషయ్యాడు.

జీవితమంతా అదృష్టంతో ఆడుకున్న అతను, ఆ ఆదివారం తను వేయని పందెంలో గెలిచాడు. గుండె కొట్టుకుంటోంది గానీ, అది ఆగడానికి కారణమైన జబ్బు అలాగే ఉంది. దానికి బైపాస్ చేయాలి.

పరీక్షలయ్యాక

ఇక్కడి నుంచి మొదలయ్యేది ఎదురుచూపు. పేరు ప్యాకర్ అయినా, ఊరూపేరూ లేని కూలీ అయినా దీన్ని దాటకుండా ఆపరేషన్ థియేటర్‌కు చేరే దారి లేదు.

ముందు యాంజియోగ్రామ్. గజ్జల దగ్గరో చేతి దగ్గరో రక్తనాళంలోంచి సన్నని గొట్టాన్ని గుండె దాకా పంపి, ధమనుల్లోకి రంగు మందు ఎక్కిస్తారు. ఒళ్లంతా ఒక్కసారి వేడెక్కినట్టవుతుంది. పక్కనున్న తెర మీద రోగికి తన గుండె ధమనులు తనకే కనిపిస్తుంటాయి. ఎక్కడ సన్నబడ్డాయో, ఎక్కడ పూడుకుపోయాయో తేలిపోతుంది. ఈ పరీక్ష ఒక పొరపాటులోంచి పుట్టింది. 1958లో అమెరికాలోని క్లీవ్‌లాండ్ క్లినిక్‌లో మేసన్ సోన్స్ అనే డాక్టరు పరీక్ష చేస్తుండగా రంగు మందు అనుకోకుండా గుండె ధమనిలోకే వెళ్లిపోయింది. రోగి చనిపోతాడని అక్కడున్నవాళ్లు భయపడ్డారు. అతను బతికాడు, ధమని స్పష్టంగా కనిపించింది. తొమ్మిదేళ్ల తర్వాత, 1967లో, అదే ఆసుపత్రిలో రెనే ఫావలోరో కాలి నుంచి తీసిన సిరతో బైపాస్ చేసి, ఆ పద్ధతికి ప్రపంచమంతటా దారి వేశారు. ఆయన అర్జెంటీనాలో ఒక మారుమూల పల్లెలో పన్నెండేళ్లు వైద్యం చేసి వచ్చిన మనిషి.

యాంజియోగ్రామ్ తర్వాత మిగిలినవి వరుస కడతాయి. ఈసీజీ, ఎకో, ఛాతీ ఎక్స్‌రే, రక్తం గ్రూపు, కిడ్నీ పరీక్షలు, షుగర్. ఊపిరితిత్తుల బలం చూడటానికి గొట్టంలోకి గట్టిగా ఊదమంటారు. మెడలోని ధమనులు బాగున్నాయో లేదో స్కాన్ చేస్తారు. కాళ్లు చూసి ఏ సిర తీయొచ్చో గుర్తు పెట్టుకుంటారు. మత్తు డాక్టరు వచ్చి పళ్లు, గొంతు, పాత జబ్బులు, పడని మందులు అడుగుతాడు. ఫిజియోథెరపిస్టు వచ్చి, ఆపరేషన్ తర్వాత దిండు ఛాతీకి అదిమి పట్టుకుని ఎలా దగ్గాలో ముందే నేర్పుతుంది. రక్తాన్ని పలచబరిచే కొన్ని మందులు కొద్దిరోజుల ముందే ఆపేస్తారు. సర్జన్ వచ్చి పక్షవాతం, ఇన్‌ఫెక్షన్, మరణం దాకా జరగగలవన్నీ చెప్పి సంతకం అడుగుతాడు.

సంతకం పెట్టాక రోగి చేయాల్సింది ఏమీ మిగలదు. అసలు బరువు అక్కడే ఉంది. పరీక్షలు జరుగుతున్నంతసేపూ ఏదో ఒకటి తేలుతోందన్న ఊరట ఉంటుంది. అన్నీ తేలిపోయాక తేదీ ఒక్కటే మిగులుతుంది. ఆ తేదీ తన చేతిలో లేదు. ఛాతీలో ఏ చిన్న నొప్పి వచ్చినా అది గుండెదా, గ్యాసా, భయమా అని మనిషి తనను తాను పరీక్షించుకుంటూ ఉంటాడు. ఇంటి దగ్గర ఎదురుచూసే రోగులు నాలుక కింద పెట్టుకునే బిళ్ల దిండు పక్కనే పెట్టుకుని పడుకుంటారు. పగలు ధైర్యం చెప్పిన భార్య రాత్రి భర్త ఊపిరి వింటూ మెలకువగా ఉంటుంది.

ఆస్ట్రేలియా ఈ ఎదురుచూపుకు ఒక లెక్క పెట్టుకుంది. ప్రభుత్వాసుపత్రుల్లో ముందుగా తేదీ వేసి చేసే ఆపరేషన్లకు మూడు తరగతులు. మొదటి తరగతి రోగికి 30 రోజుల్లోపు, రెండో తరగతికి 90 రోజుల్లోపు, మూడో తరగతికి 365 రోజుల్లోపు ఆపరేషన్ జరగాలి. ఏ తరగతో నిర్ణయించేది రోగి హోదా కాదు, జబ్బు తీవ్రత. ఇంటికి పంపడం ప్రమాదమనుకున్నవాళ్లను వార్డులోనే ఉంచి ఆపరేషన్ చేస్తారు. 1984 ఫిబ్రవరి 1న మొదలైన మెడికేర్ వల్ల ప్రభుత్వాసుపత్రిలో రోగి చేతి నుంచి డబ్బు కట్టనక్కరలేదు. ఎక్కడో లోపలి ప్రాంతంలో, వందల కిలోమీటర్ల దూరాన గుండె మొరాయిస్తే తీసుకురావడానికి విమానం ఉంది. ఆ ఫ్లయింగ్ డాక్టర్ సేవ 1928లో క్వీన్స్‌లాండ్‌లోని క్లాంకరీలో మొదలైంది. రక్తం కోసం బంధువులు పరుగులు పెట్టనక్కరలేదు. స్వచ్ఛందంగా ఇచ్చిన దాతల రక్తం రెడ్‌క్రాస్ ద్వారా ముందే నిల్వ ఉంటుంది.

తేదీలు వెనక్కి వెళ్లడాలు, ఆలస్యాలు అక్కడా ఉన్నాయి. అయినా గడువు రాసిపెట్టి ఉన్నప్పుడు, ఆలస్యమైతే ఎందుకైందని అడగడానికి రోగికి ఒక ఆధారం ఉంటుంది.

చాంగ్ చేతులు

ప్యాకర్‌కు బైపాస్ చేసిన సర్జన్ విక్టర్ చాంగ్. ఆయన 1936లో షాంఘైలో పుట్టారు. పన్నెండేళ్ల వయసులో తల్లిని క్యాన్సర్‌కు పోగొట్టుకున్నారు. వైద్యుడు కావాలన్న పట్టుదల అప్పుడే పుట్టింది. 1953లో ఆస్ట్రేలియా వచ్చి సిడ్నీ విశ్వవిద్యాలయంలో చదివి, లండన్‌లోనూ అమెరికాలోని మేయో క్లినిక్‌లోనూ శిక్షణ పొంది, 1972లో సిడ్నీలోని సెయింట్ విన్సెంట్స్ ఆసుపత్రికి తిరిగొచ్చారు.

ఎదురుచూపు ఎంత బరువైనదో ఆయనకు తెలిసినంతగా కొద్దిమందికే తెలిసి ఉంటుంది. 1984లో సెయింట్ విన్సెంట్స్‌లో గుండె మార్పిడి కార్యక్రమాన్ని మళ్లీ నిలబెట్టింది ఆయనే. అదే ఏడాది ఏప్రిల్‌లో మనిల్లా అనే చిన్న ఊరి నుంచి వచ్చిన పద్నాలుగేళ్ల ఫియోనా కూట్‌కు కొత్త గుండె అమర్చారు. గొంతు వాపుతో మొదలైన వైరస్ ఆ పిల్ల గుండెను పాడుచేసింది. రెండేళ్ల తర్వాత మరో గుండె కావలసి వచ్చింది. ఆమె రెండుసార్లూ బతికింది. దేశమంతా ఆ పిల్ల కోసం ఊపిరి బిగబట్టింది.

గుండె మార్పిడికి మరొకరి చావు కోసం ఎదురుచూడాలి. బైపాస్‌కు ఆ బాధ లేదు, కావలసిన నాళం రోగి ఒంట్లోనే ఉంటుంది. ఛాతీ ఎముకను నిలువునా కోస్తారు. రక్తాన్ని హార్ట్ లంగ్ మెషిన్‌కు మళ్లిస్తారు. పొటాషియం కలిపిన చల్లని ద్రావణం ఎక్కించి గుండెను ఆపుతారు. కాలి సిరను, ఛాతీ గోడ లోపలి ధమనిని తీసుకుని, పూడుకుపోయిన చోటు దాటాక కుడతారు. కాలువ పూడినచోట పక్కనుంచి పిల్లకాలువ తవ్వి చివరి పొలానికి నీళ్లందించడం లాంటి పని ఇది. దారం వెంట్రుక కన్నా సన్నం. పని పూర్తయ్యాక గుండెకు మళ్లీ వెచ్చని రక్తం వదులుతారు. మైదానంలో తనంతట తాను ఆగిన గుండెను ఈసారి చాంగ్ కావాలనే ఆపి, బాగుచేసి, నడిపించారు.

షరతు పెట్టిన దానం

కోలుకున్నాక ప్యాకర్ ఒక మిత్రుడికి చెప్పిన మాటలు ఆస్ట్రేలియా అంతటా ప్రసిద్ధం. అవతలి వైపు వెళ్లి చూసి వచ్చాను, అక్కడేమీ లేదు, లెక్క అడిగేవాడూ లేడు అన్నది వాటి సారాంశం. నమ్మకం ఉన్నవాళ్లకు ఆ మాట నచ్చకపోవచ్చు. అవతల ఏమీ లేదన్న ఆ మనిషే ఇవతల చేసిన పని మాత్రం అందరూ మెచ్చదగ్గది.

రాష్ట్రంలో చాలా అంబులెన్సుల్లో ఆ యంత్రం లేదని తెలుసుకున్నాడు. అప్పటి ప్రీమియర్, అంటే ముఖ్యమంత్రి, నిక్ గ్రైనర్ ముందు ఒక షరతు పెట్టాడు. అన్ని అంబులెన్సులకూ డీఫిబ్రిలేటర్లు కొనాలి, ఖర్చు సగం తనది, సగం ప్రభుత్వానిది. ప్రభుత్వం ఒప్పుకుంది. బళ్లకు యంత్రాలు వచ్చాయి. జనం వాటికి ప్యాకర్ వ్యాకర్ అని ముద్దుపేరు పెట్టారు.

యంత్రాన్ని రోగి దగ్గరికి తీసుకెళ్లాలన్న ఆలోచన అప్పటికి పాతదే. ఉత్తర ఐర్లాండ్‌లోని బెల్‌ఫాస్ట్‌లో ఫ్రాంక్ ప్యాంట్రిడ్జ్ అనే డాక్టరు 1965లోనే కారు బ్యాటరీలతో పనిచేసే డీఫిబ్రిలేటర్ తయారుచేసి అంబులెన్సులో పెట్టారు. బరువు 70 కిలోలు. ఆ తర్వాత పాతికేళ్లకు కూడా సిడ్నీలో ఒక మనిషి బతకడం ఏ బండి వస్తుందన్న దాని మీద ఆధారపడింది. తెలివి ఎక్కడో ఒకచోట పుడితే చాలదు, దాన్ని ప్రతి బండిలోకీ ఎక్కించే నిర్ణయం, డబ్బు కూడా కావాలి.

ఇక్కడ మరో మాట కూడా చెప్పాలి. ఏడాది తర్వాత, 1991 నవంబరులో, పార్లమెంటు కమిటీ ముందు కూర్చుని పన్ను వీలైనంత తక్కువే కడతానని బాహాటంగా చెప్పినవాడూ ఈ ప్యాకరే. అతన్ని బతికించడానికి వచ్చింది ప్రజాసేవకు నడిచే అంబులెన్స్. కాబట్టి అతని దానాన్ని మెచ్చుకుంటూనే, మిగతా సగాన్ని మరచిపోకూడదు. ఆ సగం పన్ను కట్టిన గుమాస్తాలది, డ్రైవర్లది, రైతులది. ధనవంతుడి గుండె కరగాలని కాచుకుని కూర్చుంటే ప్రతి ఊరికీ ఒక ప్యాకర్ దొరకడు. ప్రభుత్వం తన సగాన్ని ఎవరూ అడగకముందే పక్కన పెట్టాలి.

సర్జన్‌కు దొరకని గడువు

ఆపరేషన్ జరిగి ఏడాదైనా తిరగలేదు. 1991 జులై 4 ఉదయం, సిడ్నీలోని మోస్మన్ ప్రాంతంలో, డబ్బు గుంజాలని పథకం వేసుకున్న దుండగులు విక్టర్ చాంగ్‌ను కాల్చి చంపారు. ఆయనకు యాభై నాలుగేళ్లు. వందల గుండెలను నిలబెట్టిన మనిషిని కాపాడే వ్యవధి ఎవరికీ దొరకలేదు. ఆస్ట్రేలియా నిర్ఘాంతపోయింది.

1994లో ఆయన పేరున సిడ్నీలో గుండె పరిశోధన సంస్థ ఏర్పడింది. ఫెడరల్ ప్రభుత్వంతో పాటు ప్యాకర్ కూడా దానికి డబ్బిచ్చాడు. మళ్లీ అదే పద్ధతి, ఒక చెయ్యి సొంతానిది, ఒక చెయ్యి సర్కారుది. 1999లో ప్రజల ఓటుతో చాంగ్‌ను శతాబ్దపు ఆస్ట్రేలియన్‌గా ఎన్నుకున్నారు.

ప్యాకర్ ఆ ఆదివారం తర్వాత పదిహేనేళ్లు బతికాడు. 2000లో కిడ్నీలు చెడితే అతని హెలికాప్టర్ పైలట్ నిక్ రాస్ తన కిడ్నీ ఒకటి ఇచ్చాడు. 2005 డిసెంబరు 26న అరవై ఎనిమిదో ఏట కన్నుమూశాడు.

మన వరండాల్లో

1984లో ఎన్.టి.రామారావు గుండె ఆపరేషన్ కోసం అమెరికా వెళ్లాల్సి వచ్చింది. ఈ రోజు హైదరాబాద్, విశాఖ, విజయవాడ, తిరుపతిలో బైపాస్ మామూలు ఆపరేషన్. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో 108 సేవ మొదలైంది. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చి, తెల్లకార్డున్న కుటుంబాలకు బైపాస్‌ను అందుబాటులోకి తెచ్చింది. భూమి అమ్ముకోకుండా గుండె బాగుచేయించుకోవచ్చన్న ధైర్యం పల్లెకు అప్పుడే వచ్చింది. ఇవి చిన్న విజయాలు కావు.

అయినా పరీక్షలకూ ఆపరేషన్‌కూ నడుమ మన రోగి గడిపే రోజులు ఒకసారి చూడండి. ఆరోగ్యమిత్ర బల్ల దగ్గర కొడుకు అప్రూవల్ వచ్చిందా అని పూటకోసారి అడుగుతుంటాడు. బావమరిది బ్లడ్‌బ్యాంకు చుట్టూ తిరుగుతూ, ఊరి కుర్రాళ్లకు ఫోన్లు చేస్తుంటాడు. తేదీ ఎప్పుడని అడిగితే రేపు చూద్దాం అంటారు. వరండాలో చాప మీద పడుకున్న తల్లికి ఆ రేపు ఎన్నోదో అర్థం కాదు. ఇన్ని రోజుల్లోపు ఆపరేషన్ జరగాలి అని ఆమె చేతికి రాసిచ్చిన కాగితం ఉంటే, సగం జబ్బు అక్కడే తగ్గుతుంది. గడువు రాసివ్వడానికి కొత్త యంత్రం అక్కరలేదు, మనసూ బాధ్యతా ఉంటే చాలు.

దక్షిణాసియా వాళ్లకు గుండెపోటు మిగతా దేశాలవాళ్ల కన్నా కొన్నేళ్లు ముందే వస్తుందని 2004లో వెలువడిన ఇంటర్‌హార్ట్ అధ్యయనం చెప్పింది. ప్యాకర్ పడిపోయిన వయసు మన ఇళ్లలో చాలామంది నాన్నలది. సిడ్నీ పశ్చిమ శివార్లలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకైనా, ఖమ్మంలోని కుటుంబానికైనా ఈ హెచ్చరిక ఒక్కటే. ఛాతీ బరువు, ఎడమ చేయి లాగడం, చెమట, ఆయాసం కనిపిస్తే అక్కడ 000, ఇక్కడ 108. గ్యాసేమో చూద్దామని తెల్లారేదాకా ఆగడం వల్ల ఎన్నో ఇళ్లలో దీపాలు ఆరిపోయాయి.

ఆస్ట్రేలియా అంబులెన్స్ దగ్గరే ఆగిపోలేదు. సౌత్ ఆస్ట్రేలియా రాష్ట్రం 2022లో చట్టం చేసి, జనం మసిలే భవనాల్లో డీఫిబ్రిలేటర్ ఉండి తీరాలంది. మాటలతో దారి చూపే చిన్న పెట్టెలు అవి. డాక్టరు కానివాళ్లు కూడా వాడొచ్చు. లయ తప్పిందని యంత్రమే తేల్చుకున్నాకే షాక్ ఇస్తుంది. మన బస్టాండ్లలో, కల్యాణ మండపాల్లో, జాతర జరిగే గుడి ప్రాంగణాల్లో, కలెక్టరేట్లలో అవి ఎన్ని ఉన్నాయో ఎవరి ఊళ్లో వాళ్లు లెక్క చూసుకోవాలి. ప్రతి హైస్కూల్లో పదో తరగతి పిల్లలకు ఛాతీ నొక్కడం నేర్పడానికి ఒక మధ్యాహ్నం చాలు.

మన ఊళ్లకూ డబ్బున్నవాళ్లు కొదవలేదు. గుడికి గోపురం కట్టించేవాళ్లు, స్కూలుకు గది కట్టించేవాళ్లు, విదేశాల నుంచి పండక్కి వచ్చి ఊరికి ఏదైనా చేయాలనుకునేవాళ్లు ప్రతి మండలంలో ఉన్నారు. వాళ్లు వెళ్లి కలెక్టరుతో సగం మేమిస్తాం, సగం మీరివ్వండి అని అడగాలి. అడిగి వదిలేయకుండా యంత్రం వచ్చేదాకా, వాడటం పదిమంది నేర్చుకునేదాకా వెంటపడాలి. 1990లో సిడ్నీలో ఒక కోటీశ్వరుడికి అదృష్టం కొద్దీ దొరికినది, ఈ రోజు మన ఊరి బస్టాండులో పడిపోయిన కూలీకి హక్కుగా దొరకాలి. అది మన చేతిలో ఉన్న పని.